షోకు, సవారీ, కిరాయి: జహీరాబాదు దారిలో వాహన చరిత్ర

హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారు ఒకటి ప్రదర్శనలో ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో ఇంగ్లండుకు దీని ఆర్డరు వెళ్ళింది. 1911 ఆగస్టులో ఆయన మరణించాడు. కారు వచ్చి చేరింది ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో. వెనుక భాగంలో సింహాసనాన్ని తలపించే ఆసనం ఉండటం వల్ల దీనికి సింహాసన కారు అనే పేరు స్థిరపడింది. ఇది తిరిగిన దూరం 400 మైళ్ళకు లోపే. హైదరాబాదు నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న జహీరాబాదుకు మూడుసార్లు పోయి వచ్చినంత దూరం కూడా కాదు. ఈ కారు నూరేళ్ళకు పైగా నిలవడానికి అసలు కారణం అదే: అది ప్రయాణానికి పనికిరాలేదు, ప్రయాణానికి ఎవరూ దానిని వాడలేదు.

ఆ నూరేళ్ళలోనే జహీరాబాదు దారిమీద ఎడ్లబండ్లు, కచ్చరాలు, సైకిళ్ళు లెక్కలేనన్ని తిరిగాయి. రాగులు, జొన్నలు, చెరకు, పాలు, పెళ్ళివారు, రోగులు, బడిపిల్లలు, ఉత్తరాలు వాటిమీదనే కదిలాయి. వాటిలో ఏ ఒక్కటీ ప్రదర్శనశాలకు చేరలేదు. ఇరుసు అరిగిన బండి వంటచెరకైంది. ఫ్రేము విరిగిన సైకిలు పాత ఇనుప సామాన్ల వాడికి తూకానికి పోయింది. వాహనాల చరిత్రను మిగిలిన వస్తువుల ఆధారంగా రాస్తే అది అనివార్యంగా షోకు చరిత్రే అవుతుంది. నిత్యావసరం వస్తువును అరగదీస్తుంది కాని మాటను అరగదీయదు. తెలంగాణ తెలుగులో, ప్రత్యేకించి కన్నడ, ఉర్దూ, మరాఠీలు కలిసే జహీరాబాదు వంటి సరిహద్దు ప్రాంతపు వాడుకలో, నిత్య ప్రయాణపు చరిత్ర పదాల రూపంలో నిలిచి ఉంది. ఆ పదాలను చారిత్రకాధారాలుగా చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

దారి

జహీరాబాదు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని బీదరు జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బీదరు జిల్లా అధిక భాగం మైసూరు రాష్ట్రానికి పోగా, జహీరాబాదు తాలూకాలో అధిక భాగం, నారాయణఖేడు తాలూకా మెదకు జిల్లాలో చేరాయి. 2016 అక్టోబరులో ఏర్పడిన సంగారెడ్డి జిల్లాలో ఇప్పుడు జహీరాబాదు ఉంది. పాలనాపరంగా ఇన్ని మార్పులు జరిగినా ఊరి ఉనికికి ఆధారం మారలేదు. అది సోలాపూరు - హైదరాబాదు రహదారి. 1948 సెప్టెంబరులో భారత సైన్యపు ప్రధాన దళం సోలాపూరు వైపునుంచి నల్‌దుర్గ్ మీదుగా, జహీరాబాదును దాటి, హైదరాబాదు వైపు కదిలింది ఈ దారినే.

వికారాబాదు నుంచి బీదరుకు వేసిన రైలుమార్గం ఈ ఊరిని రైలుపటంలోకి తెచ్చింది. నిజాం ప్రభుత్వం 1932లో రైల్వేశాఖకు అనుబంధంగానే రోడ్డు రవాణా విభాగాన్ని నెలకొల్పింది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో అది మొదలైంది. రైలు, బస్సు ఒకదానితో ఒకటి పోటీపడకుండా ఒకే శాఖ కింద ఉంచడం ఆ ఏర్పాటులోని ప్రత్యేకత. తెలంగాణ పల్లెల్లో పెద్దవయసువారు బస్సును చాలాకాలం 'మోటరు' అన్నారు. తమకు అందుబాటులోకి వచ్చిన మొదటి యంత్రవాహనానికి వారు జాతివాచకాన్నే పేరుగా ఇచ్చారు. కారు వారి అనుభవంలో లేదు కనుక బస్సును కారునుంచి వేరుచేసి చెప్పవలసిన అవసరం ఆ మాటకు కలగలేదు.

కచ్చరం వెనుక వెట్టి

తెలుగులో ప్రయాణసాధనాల గురించి వివరంగా మాట్లాడిన తొలి గ్రంథాలలో ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ముఖ్యమైనది. 1830 - 31లో సాగిన ఆ యాత్రలో పల్లకీ మోసే బోయీల ప్రస్తావన దారిపొడుగునా వస్తుంది. ఒకరి ప్రయాణం ఇంకొకరి భుజాలమీద సాగిన కాలమది. తెలంగాణలో ఆ పరిస్థితి మరో వందేళ్ళపాటు వెట్టి రూపంలో కొనసాగింది.

కచ్చరం అంటే మనుషులు కూర్చుని పోవడానికి వీలుగా గూడు కట్టిన తేలికైన ఎడ్లబండి. బరువులు మోసే పెద్దబండికి, కచ్చరానికి తేడా నిర్మాణంలోనే కాదు, హోదాలోనూ ఉంది. దొరలు, దేశముఖులు, వారి ఇంటి స్త్రీలు కచ్చరంలో పోయేవారు. రైతుకు ఉన్నది పెద్దబండి. అధికారులు దౌరాకు వచ్చినప్పుడు ఆ పెద్దబండినే వారి సామాన్లకు ఉచితంగా కట్టవలసి వచ్చేది. సొంత పొలం పనులు ఆపి, సొంత ఎడ్లకు సొంత మేత వేసి, ఇతరుల ప్రయాణానికి బండి తోలడం వెట్టిలో ఒక భాగం. బండి లేనివాడు తలమీద మోశాడు. 1921లో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం, మాడపాటి హనుమంతరావు పూనికతో, వెట్టికి వ్యతిరేకంగా ప్రజలను చైతన్యపరచడాన్ని తన తొలి పనుల్లో ఒకటిగా పెట్టుకొంది. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ప్రథమ నిజామాంధ్ర మహాసభ జరిగిన జోగిపేట కూడా జహీరాబాదు మాదిరే నేటి సంగారెడ్డి జిల్లాలోనిదే. వట్టికోట ఆళ్వారుస్వామి, దాశరథి రంగాచార్యుల నవలలు వెట్టిని చిత్రించిన తీరుపై విస్తారమైన విమర్శ వచ్చింది. ఆ విమర్శ భూమిని, ధాన్యాన్ని, స్త్రీల శరీరాలను గురించి మాట్లాడినంతగా ప్రయాణాన్ని గురించి మాట్లాడలేదు. బండి ఎవరిది, అది ఎవరికోసం కదిలింది అన్న ప్రశ్న భూమి ఎవరిది అన్న ప్రశ్నకు ఏమాత్రం తీసిపోదు.

ఇక్కడ రెండు పదాల అర్థ పరిణామం గమనించదగినది. 'షికార్' పారసీలో వేట. ఉర్దూలోనూ అదే అర్థం. మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు ప్రసిద్ధుడు. తెలుగులో 'షికారు' వేటను దాదాపుగా వదిలి, పనిలేకుండా సరదాగా తిరిగిరావడం అనే అర్థానికి వచ్చింది. రాజుల వేట జనం కంటికి ఎలా కనిపించిందో ఈ మార్పు తెలుపుతున్నది: అది పని కాదు, తిరుగుడు. 'షౌక్' అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. మూలార్థం ఆసక్తి, ఇష్టం. తెలుగులో 'షోకు' అయ్యేసరికి దానికి కాస్త వెక్కిరింత అంటింది. షోకులు పోవడం, షోకిల్లా అనే వాడుకలలో మెచ్చుకోలు కంటే ఎత్తిపొడుపే ఎక్కువ. 'హాబీ' అనే ఆంగ్లపదానికి నేడు వాడుతున్న అభిరుచి, వ్యాపకం వంటివి ఈ ఎత్తిపొడుపు లేని మర్యాదైన మాటలు. అభిరుచి అనగానే అది వ్యక్తిగత విషయమవుతుంది. షోకు అన్నప్పుడు మాత్రం దాని ఖర్చు ఎవరిమీద పడిందనే ప్రశ్న మాటలోనే ఉంటుంది. సింహాసన కారును అభిరుచి అని వర్ణించే పర్యాటక రచనలకంటే, దానిని షోకు అనే మామూలు మనిషి మాట చరిత్రకు దగ్గరగా ఉంది.

తోలడం, తొక్కడం, నడపడం

వాహనం మారినప్పుడల్లా తెలుగు కొత్త నామవాచకాన్ని అరువు తెచ్చుకొంది కాని క్రియను మాత్రం తన ఇంటినుంచే తీసుకొంది. బండిని తోలుతారు. తోలడం పశువులకు సంబంధించిన క్రియ, మందను తోలినట్లే. సైకిలును తొక్కుతారు. ఆ క్రియ పాదశ్రమకు సంబంధించినది. ఇటుకల మట్టిని తొక్కినట్లు, కుట్టుమిషనును తొక్కినట్లు, రిక్షాను తొక్కినట్లు సైకిలునూ తొక్కుతారు. కారును నడుపుతారు. నడపడం సంసారానికి, సంస్థకు, రాజ్యానికి కూడా చెల్లే క్రియ. కొన్ని ప్రాంతాలలో లారీని, కారును కూడా 'తోలడం' ఉంది. అక్కడ డ్రైవరు వృత్తి బండివాని వృత్తికి కొనసాగింపుగా కనిపించిందని ఊహించవచ్చు.

ఈ మూడు క్రియలలో శ్రమను దాచకుండా చెప్పేది తొక్కడమే. అందుకే కాబోలు, సైకిలు విలాసంగా ఉన్న తొలిరోజుల్లో కూడా తెలుగులో దానికి విలాసపు క్రియ దొరకలేదు. గుర్రానికి దొరికిన 'సవారీ' సైకిలుకు నప్పలేదు. సవారీలో మనిషి మీద కూర్చుంటాడు, కింద మరో ప్రాణి కష్టపడుతుంది. సైకిలుమీద కూర్చున్నవాడే కింద కష్టపడేవాడు కూడా.

మోటారుసైకిలును తెలంగాణ పల్లెల్లో 'సైకిల్ మోటరు' అనడం మరో ఆధారం. దీన్ని మాటలు తలకిందులైన పొరపాటుగా కొందరు నవ్వులకు వాడుకొన్నారు. అది పొరపాటు కాదు. మోటరు అంటే బస్సు అని ముందే స్థిరపడిన భాషలో, సైకిలు ఆకారంలో ఉన్న మోటరును సైకిల్ మోటరు అనడం తెలుగు సమాస మర్యాదకు పూర్తిగా అనుగుణం: విశేషణం ముందు, విశేష్యం తర్వాత. ఎడ్లబండి, గూడుబండి, రైలుబండి ఏర్పడిన తీరులోనే అదీ ఏర్పడింది. ఆ పదం ఒక క్రమాన్ని కూడా నమోదు చేసింది. ఆ ఊళ్ళకు ముందు మోటరు, సైకిలు వచ్చాయి, ఆ తర్వాతే రెండూ కలిసినది వచ్చింది. కాలక్రమంలో ఆ వాహనం పేరు ఉత్త 'బండి'గా మారింది. ఎడ్లు పోయాయి. వాటి బండి పేరు మిగిలి, ఇంజనుకు దక్కింది.

కిరాయి సైకిలు

స్వాతంత్ర్యానంతరం మద్రాసు సమీపంలోని అంబత్తూరులోను, సోనీపత్, లూధియానాలలోను దేశీయ సైకిళ్ళ తయారీ పెరిగింది. ఆ తర్వాతే సైకిలు తెలుగు పల్లెలకు విస్తారంగా చేరింది. అయినా కొనగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారికి సైకిలును పరిచయం చేసింది కిరాయి దుకాణం. కోస్తాలో అద్దె సైకిలు, తెలంగాణలో కిరాయి సైకిలు. గంటల లెక్కన ఇచ్చేవారు. తీసుకొన్నవాని పేరు, వేళ ఒక నోటుబుక్కులో రాసుకొనేవారు. ముఖపరిచయమే హామీ. వాహనాన్ని వస్తువుగా కాక కాలంగా కొనడం పల్లెమనిషికి బహుశా అక్కడే మొదలైంది. గంట దాటితే పైసలు పెరుగుతాయి కనుక గడియారంతో పనిలేని బాలుడు కూడా గంటను లెక్కించడం నేర్చుకొన్నాడు.

షోకుకు, అవసరానికి మధ్య గీసే గీత ఈ దుకాణం ముందు నిలవదు. పొద్దున పక్క ఊరికి పనిమీద పోవడానికి తీసుకొన్న సైకిలునే సాయంత్రం పిల్లలు నేర్చుకోవడానికి తీసుకొనేవారు. సీటు అందని పిల్లవాడు ఫ్రేము మధ్యనుంచి కాలు దూర్చి తొక్కేవాడు. ఆ ఆకారాన్నిబట్టి ఉర్దూ మాట్లాడే ఊళ్ళలో దానిని కైంచీ, అంటే కత్తెర, అన్నారు. పెద్దవారి కొలతకు తయారైన వస్తువును పిల్లలు తమ కొలతకు లొంగదీసుకొన్న పద్ధతి అది. పిల్లల సైకిలు అనే ప్రత్యేక వస్తువు ఇంటికి వచ్చాక ఆ విద్య అంతరించింది.

సైకిలును 'పేదవాని వాహనం' అని జాలితో పిలవడం సాహిత్య విమర్శలో అలవాటైన మాట. ఇది సగం నిజం. పెళ్ళిలో వరునికి సైకిలు, చేతిగడియారం, రేడియో పెట్టడం ఒక తరంలో గౌరవ చిహ్నం. కట్నపు జాబితాలో చేరిన సైకిలు పేదరికానికి గుర్తు ఎలా అవుతుంది? వధువు తండ్రి అప్పుచేసి కొన్న ఆ సైకిలు ఒకరికి షోకు, ఇంకొకరికి భారం. పంచాయతీలకు అది ఆదాయం కూడా. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టం పంచాయతీ విధించగల పన్నులలో వాహన పన్నును చేర్చింది. పన్ను కట్టిన గుర్తుగా సైకిలుకు రేకు బిళ్ళ బిగించుకొనే రోజులు, రాత్రివేళ దీపం లేదని పోలీసులు ఆపే రోజులు తెలుగు పట్టణాలలో చాలాకాలం సాగాయి. పాలక్యానులు వేలాడదీసిన సైకిలు, బట్టల మూట కట్టిన సైకిలు, కత్తులకు సానపట్టే రాయి బిగించిన సైకిలు, గిర్నీకి జొన్నల సంచి మోసే సైకిలు ఒకే నమూనాలో తయారైనా ఒక్కొక్కటి ఒక్కో వృత్తి పనిముట్టు. వీటి యజమానులు హ్యాండిలుకు రంగుల కుచ్చులు కట్టారు, సీటుకు మెత్తని తొడుగు వేశారు, మడ్‌గార్డు మీద పేరు రాయించుకొన్నారు. పని తప్పనివాడికి షోకు ఉండదని అనుకోవడం పరిశోధకుల లోపమే కాని వస్తువుల లోపం కాదు.

షోకు, శ్రమ పూర్తిగా కలిసిపోయిన సన్నివేశం మరొకటి ఉండేది. ఊరి నడుమ ఖాళీ స్థలంలో గుండ్రంగా, కిందికి దిగకుండా, రాత్రింబవళ్ళు రోజుల తరబడి సైకిలు తొక్కే ఫీట్ల ప్రదర్శన. సైకిలుమీదనే తిండి, సైకిలుమీదనే స్నానం, నడుమ మైకులో సినిమాపాటలు, జనం ఇచ్చే చిల్లర. ఎక్కడికీ పోని సైకిలు ప్రయాణం అది. అక్కడ తొక్కడమే జీవనోపాధి, చూడటమే వినోదం. యక్షగానాన్ని, బుర్రకథను నమోదు చేసిన జానపద విజ్ఞానం ఈ ప్రదర్శకులను దాదాపు పట్టించుకోలేదు. ఇనుప చక్రాలున్న కళ జానపదం కాదనే భావమే దీనికి కారణమైతే, ఆ భావాన్ని పునఃపరిశీలించవలసి ఉంది.

రాజకీయాలలోనూ ఈ జంట కనిపిస్తుంది. 1982లో ఎన్.టి. రామారావు ప్రచారానికి వాడిన చైతన్యరథం మార్పులు చేసిన షెవర్లే వాహనం. ఆయన పార్టీ ఎన్నికల గుర్తు సైకిలు. నాయకుడు రథంమీద వచ్చాడు, గుర్తు మాత్రం ఓటరు ఇంటిముందు నిలిపి ఉన్నది. 'రథం' అనే మాటను ఇంజనుకు తగిలించడంలోని పౌరాణికత అందరూ గమనించారు. సైకిలుకు అలాంటి అలంకారం అక్కరలేకపోవడం కూడా అంతే గమనించదగినది.

వాహనాలు పుట్టే ఊరు

1980లలో జహీరాబాదు వాహనాలు తిరిగే ఊరిగానే కాక వాహనాలు పుట్టే ఊరిగానూ మారింది. 1942లో మొదలై బస్సుల బాడీలు కట్టి, తర్వాత ఫ్రిజ్‌లకు, చేతిగడియారాలకు పేరుపొందిన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ, జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో ఇక్కడ తేలికరకం వాణిజ్య వాహనాల తయారీ ప్రారంభించింది. డీసీఎం టయోటా, స్వరాజ్ మజ్దా, ఐషర్ మిత్సుబిషి కూడా ఆ దశకంలో జపాను సహకారంతో వచ్చినవే. దశకం చివరికి జహీరాబాదు కర్మాగారం మహీంద్రా చేతికి వెళ్ళింది. ట్రాక్టర్ల తయారీ ఆ తర్వాత వచ్చింది.

ఇక్కడ భాష చేసిన ఎంపిక విచిత్రమైనది. తెలంగాణలో ఆ తరగతి సరుకుల వాహనం ఏ కంపెనీదైనా దాని సాధారణ నామం 'డీసీఎం'. పత్రికల వార్తలలోను, పోలీసు నివేదికలలోను, మార్కెట్ యార్డులోను అదే మాట. సొంత గడ్డమీద తయారైన ఆల్విన్ నిస్సాన్ పేరు సామాన్య నామం కాలేదు. ఉత్తరప్రదేశ్‌లో తయారైన వాహనం పేరు అయింది. తయారీ చిరునామాను వాడుకభాష పట్టించుకోదనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. నోటికి తిరిగిన మూడక్షరాలు గెలిచాయి.

బండి ఉత్సవమైన చోట

జహీరాబాదు సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దాని మహిళా సంఘాలు ఏటా సంక్రాంతి రోజుల్లో పాతపంటల జాతర మొదలుపెడతాయి. అలంకరించిన ఎడ్లబండ్లలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర వంటి విత్తనాలను పెట్టుకొని ఊరూరా ఊరేగుతాయి. బండ్లను ఎదుర్కొని ఊరివాళ్ళు పూజిస్తారు, ఎడ్లకు మొక్కుతారు. సంఘాలలో అధికులు దళిత స్త్రీలు. వారి ముందుతరం బండి ఎక్కినవారు కాదు, బండి వెనుక నడిచినవారు, వెట్టికి తలమీద మోసినవారు.

ఎడ్లబండి నిత్యావసరంగా వెనుకబడిన కాలంలోనే ఈ ఊరేగింపు పుట్టింది. కనుక దీనిని గతంమీది మమకారంగా తీసివేయడం సులభం. కాని ఇందులో బండి ఖాళీగా లేదు. అది మోస్తున్నది నిజమైన విత్తనం. ఆ విత్తనం మరుసటి వానాకాలం నిజమైన చేనులో పడుతుంది. చౌమహల్లా కారు నిలిచిపోయి గౌరవం పొందగా ఈ బండి కదులుతూ గౌరవం పొందుతున్నది. మెదకు జిల్లా ఏడుపాయల జాతరలో బండ్లు తిరగడం అనే పాత ఆచారం దీనికి సమీప పూర్వరూపం. పనిబండికి ఏడాదిలో ఒకరోజు షోకును హక్కుగా ఇచ్చిన ఆచారమది. దసరానాడు సైకిలును కడిగి, బంతిపూలదండ వేసి, కుంకుమ పెట్టడంలోనూ ఆ హక్కే కొనసాగుతున్నది. ఆరోజు ఆ వీధిలో కారుకు, సైకిలుకు పడే దండ ఒక్కటే.

2023 అక్టోబరు 1న హైదరాబాదు బాహ్యవలయ రహదారి వెంట 23 కిలోమీటర్ల సైకిలు మార్గం ప్రారంభమైంది. పైన సౌరఫలకాల కప్పు ఉన్న ఈ మార్గంలో ఒక శాఖ నార్సింగి నుంచి కొల్లూరు వరకు, అంటే జహీరాబాదు రహదారి దిశగా, వెళుతుంది. దానిమీద తిరిగేవారిలో అధికులు ఆరోగ్యంకోసం, సరదాకోసం వచ్చేవారు. గేర్లు ఉన్న సైకిలు, తలకు హెల్మెట్టు, కారు వెనుక సైకిలును కట్టి తెచ్చుకొనే ఏర్పాటు. సైకిలును కారుమీద ఎక్కించుకొని సైకిలు తొక్కే చోటికి తీసుకుపోవడం కిరాయి దుకాణపు తరానికి అర్థంకాని పని. భాష ఈ తేడాను అప్పుడే నమోదు చేసింది. అక్కడికి వెళ్ళేవారు 'సైకిలు తొక్కడానికి' వెళ్ళడం లేదు, 'సైక్లింగ్‌కు' వెళుతున్నారు. సైక్లింగ్ చేయడంలో పాదశ్రమ ఉంది కాని తొక్కడం అనే క్రియ లేదు. అదే వేళకు జహీరాబాదు వీధుల్లో పాలక్యానులతో తిరిగే మనిషిని సైక్లింగ్ చేస్తున్నాడని ఎవరూ అనరు. అతడు సైకిలుమీద పోతున్నాడు. తెలుగు నిఘంటువులలో సైకిలు అనే ఆరోపం కింద ఈ మూడు వాడుకలకు, తొక్కడం, మీద పోవడం, సైక్లింగ్ చేయడం, వేరువేరు అర్థాలు, వేరువేరు ఉదాహరణలు ఇవ్వవలసిన సమయం వచ్చింది.